ఆపినా ఆరని బల్బు

జూన్ 3, సోమవారం

వైరింగ్ క్లాసు మార్కులు ఆఫీసులో ఇచ్చేసి వచ్చాను. మేనల్లుడికి తొంభై ఒకటి, క్లాసులో మొదటివాడు. రెండో గంటకు ముప్ఫై ఎనిమిది. తప్పింది.

రెండో గంట అనేది నేను పెట్టిన పేరే. లాండ్రీలో పొద్దుటి పని ముగించుకుని, మొదటి గంటకు ఏనాడూ రాకుండా, రెండోది మోగుతుండగా తడి చేతులు విదుల్చుకుంటూ గుమ్మంలో నిలబడే మనిషి. ముప్ఫై దాటాక కరెంటు పని నేర్చుకుంటానని వచ్చింది. అసలు పేరు ఇక్కడ కూడా రాయను. పేరు రాస్తే జాలి పుడుతుంది. జాలి పుడితే తూకం వంగుతుంది.

వందలో నలభై పనికి, అరవై మనిషికి. హాజరు, నడవడి, శుభ్రత. ఈ బళ్ళో కాలు పెట్టిన రోజు నుంచి ఇదే నా లెక్క. నాకెవరూ పాఠం చెప్పలేదు. పాత రేడియోలు విప్పి కరెంటు నేర్చుకున్నాను, చిరిగిన బైబిలు గ్రంథం విప్పి, ఆదివారాలు మందిరంలో చెప్పే వాక్యం నేర్చుకున్నాను. రెండిట్లోనూ నాకు తెలిసింది ఒకటే: క్రమం లేనివాడి చేతిలో వెలుగు నిలవదు.

చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నాను. ఆకలి బాగా వేసింది.

జూన్ 5, బుధవారం

కొత్త ప్రిన్సిపాల్ పిలిచింది. నా మార్కుల కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది. రెండో గంటకు మొదటి మూడు పరీక్షల్లో సున్నాలట, చివరి రెండింట్లో ఒక్క తప్పూ లేదట. నాకు తెలియనిదా, వేసింది నేనేగా. మూడు సున్నాలు కలిపి సగటు తీస్తే తప్పింది.

"ఇప్పుడు ఆమెకు పని వచ్చా, రాదా?" అంది.

"ఆలస్యంగా వస్తుంది," అన్నాను.

"అది అడగలేదండీ మాస్టారూ. పని వచ్చా?"

లేచి నిలబడ్డాను. జలప్రళయం నాడు ఓడ తలుపు మూసింది దేవుడేనని చెప్పాను. నూనె కోసం వెళ్ళి ఆలస్యమైన ఆడపిల్లలకు పెళ్ళివారి తలుపు తెరుచుకోలేదని చెప్పాను. నా గొంతు వరండా దాటి వెళ్ళినట్టుంది, అటెండరు తొంగిచూసి పోయాడు. ఆమె అంతా విని, గ్లాసు మీది మూత తీసి నీళ్ళు తాగి, చెప్పవలసింది చెప్పింది. ఆసుపత్రి మెయింటెనెన్సు వాళ్ళు మన దగ్గర్నుంచి ఒక్క పేరు అడిగారు. నెలాఖరులోగా పంపాలి. అందరికీ ఇంకొకసారి పరీక్ష పెట్టాలి, ఒక్క పనే, మెట్ల లైటు. కింద వేస్తే పైన ఆపగలగాలి, పైన వేస్తే కింద. పాత సున్నాలు లెక్కలోకి రావు. హాజరు వేరే కాగితం మీద. ఈ రోజు చేతనవుతుందా లేదా, అంతే.

ద్రాక్షతోటలోకి సాయంకాలం వచ్చినవాడికీ పూర్తి కూలి ఇచ్చిన యజమాని సంగతి ఎత్తుతుందేమోనని లోపల భయపడ్డాను. ఆమె గ్రంథం చదవదు. బతికిపోయాను.

చూద్దాం అని వచ్చేశాను. ఆసుపత్రికి మేనల్లుడి పేరే వెళ్ళాలి. అక్క పోతూ పోతూ నా చేతిలో పెట్టిన పిల్లాడు. నా గొడుగు కింద నడిచి బడికి వచ్చినవాడు. ఒక్కనాడు గంట తప్పలేదు, ఒక్కనాడు ఎదురు చెప్పలేదు.

జూన్ 8, శనివారం

మేనల్లుడు మందిరానికి కొత్త వైరింగ్ పూర్తి చేశాడు. పాత తీగలన్నీ లాగేసి ఒంటిచేత్తో చేశాడు. వేదిక మీద వేలాడే దీపానికి గుమ్మం దగ్గర ఒక స్విచ్, వేదిక పక్కన ఒకటి, అచ్చం మెట్ల లైటు లాగే. తీగలు పట్టి ఉంచే క్లిప్పులు స్కేలు పెట్టి కొట్టినట్టు ఉన్నాయి. నా కోసం పాతకాలపు ఇత్తడి హోల్డరు వెతికి తెచ్చాడు. స్విచ్ వేశాను, వెలిగింది. వాడి నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాను.

చీకటి పడుతుండగా ఆపి, బయటికి వచ్చి తలుపు వేయబోతూ వెనక్కి చూశాను.

బల్బు ఆరలేదు. వెలగనూ లేదు. బూడిద కింద నిప్పులా, మూతపడని కన్నులా, వేదిక పైన మసక మసకగా ఉంది. లోపలికి వెళ్ళి ఆ స్విచ్ వేసి ఆపాను, ఈ స్విచ్ వేసి ఆపాను. అలాగే ఉంది.

నా భార్య తాళంచెవులతో వెనకే వచ్చింది. "ఆపలేదాండీ?"

"ఆపాను."

నేను మోకాళ్ళ మీద పడ్డాను. ఆమె పడలేదు. తాళంచెవుల గుత్తి చప్పుడు కాకుండా పట్టుకుని బల్బు వంకే చూస్తూ నిలబడింది.

జూన్ 9, ఆదివారం

సంఘానికి చూపించాను. కిటికీలు మూయించి, అందరి ముందూ స్విచ్ ఆపాను. మండుతూ కాలిపోని పొద గురించి మాట్లాడాను. గుడారంలో రాత్రింబగళ్ళు ఆరకూడని దీపం గురించి మాట్లాడాను. ఇన్నేళ్ళలో నా నోట ఇంత అగ్ని ఎప్పుడూ రాలేదు. వెనక వరసల్లో ఏడ్చారు. మేనల్లుడు స్తంభానికి ఆనుకుని తల దించుకున్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, నా చేతుల మీదుగా ఇలా జరగడానికి నేనేపాటివాణ్ణి మామయ్యా అన్నాడు.

జూన్ 10, సోమవారం

పొడవైన తీగల్లో కాస్త కరెంటు నిలుస్తుంది. గోడలు తేమగా ఉన్నాయి. ఇప్పటి బల్బులు చవక రకం. ఇవన్నీ మామూలే.

జూన్ 11, మంగళవారం

దేవుడు చవక బల్బునైనా వాడుకుంటాడు.

జూన్ 12, బుధవారం

పక్క వీధులవాళ్ళు కూడా వస్తున్నారు. సాయంత్రం చెప్పుల వరస గేటు దాకా ఉంది.

చొక్కా జేబులో పెన్ను పక్కన ఎప్పుడూ ఉండే టెస్టరు, కరెంటు తగిలితే ఎర్రగా వెలిగేది, ఇవాళ లేదు. ఎక్కడా అని తడుముకున్నాను. సామాన్ల పెట్టెలో, అడుగున, గుడ్డలో చుట్టి ఉంది. అక్కడ పెట్టింది నేనేనట. నా భార్య చూసిందట. నాకు గుర్తు లేదు.

జూన్ 15, శనివారం

మందిరంలో దీపాలు తుడవడం నా భార్య శనివారం పని. నేను లోపలికి వెళ్ళేసరికి స్టూలెక్కి ఉంది, చేతిలో తడిగుడ్డ, వేదిక దీపానికి చెయ్యి చాపుతోంది.

ఎంత గట్టిగా అరిచానంటే ఆమె స్టూలు మీద ఊగింది. దిగింది. దీపం పవిత్రమైందని, ఇకమీదట ఎవరూ ముట్టకూడదని చెప్పాను. ఎద్దులు తడబడ్డప్పుడు బండి మీది దేవుడి మందసం పడిపోతుందేమోనని చెయ్యి వేసి పట్టుకున్నవాడు అక్కడికక్కడే చచ్చాడని చెప్పాను. మంచికే పట్టుకున్నాడు, అయినా చచ్చాడు.

ఆమె గుడ్డ పిండుకుంటూ విన్నది. కరెంటు పనివాడితో ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి.

"ముట్టుకుంటే కొట్టేది దేవుడా, కరెంటా?" అంది.

జవాబు ఇక్కడ రాస్తున్నాను: దేవుడు.

జూన్ 17, సోమవారం

రెండో గంట స్టాఫ్ రూముకు వచ్చింది. సెలవుల్లో కూడా ఆలస్యంగానే, నేను తాళం వేస్తుండగా. మార్కులు ఎలా వేశారని అడిగింది. హాజరు చెప్పాను, నడవడి చెప్పాను, క్లిప్పులు తాగుబోతుల వరసలా కొడుతుందని చెప్పాను. నవ్వింది. అది నిజమేనంది.

ఫిబ్రవరిలో ఆమె మొదటి పరీక్ష నాకు బాగా గుర్తు. బల్బు చక్కగా వెలిగింది, చక్కగా ఆరింది. అయినా స్విచ్ ఆపి, బల్బు ఊడదీసి, ఖాళీ హోల్డరులో టెస్టరు పెట్టాను. టెస్టరు ఎర్రగా వెలిగింది. స్విచ్‌ను ఫేజు మీద కాకుండా న్యూట్రల్ మీద వేసింది. కరెంటు వచ్చే దారి బార్లా తెరిచి, పోయే దారి మూసింది. అలాంటి చోట బల్బు ఆరినట్టే కనిపిస్తుంది గాని హోల్డరులో చావు మేలుకునే ఉంటుంది. సున్నం కొట్టిన సమాధి ఇదే చూడండిరా అని క్లాసంతటికీ బోర్డు ఎత్తి చూపించి సున్నా వేశాను. ఇంకో రెండుసార్లు వేశాను. ఆ తర్వాత ఇక వేయలేకపోయాను.

"మీరు ఆ సున్నాలేసి అరిచినందుకే నాకు పని వచ్చింది మాస్టారూ," అంది. "అందుకు మీకు దండం. వచ్చేశాక కూడా వాటిని నా నెత్తిన ఎందుకు మోయిస్తున్నారు? మా లాండ్రీలో మరక పోయిందా లేదా చూస్తారు. ఎన్నిసార్లు ఉతికామో చొక్కా మీద రాసి పంపరు కదా."

ఎగతాళి ఎక్కువైందని కసిరాను. నాకు కోపం వస్తే వాక్యం దానంతటదే నోటికి వస్తుంది. ఇవాళ రాలేదు. మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి, టెస్టరు నా బోర్డు ఒక్కదానికే పెట్టారు చూడండి, అదే నా అదృష్టం అని వెళ్ళిపోయింది.

అబద్ధం. అందరికీ పెట్టాను. మేనల్లుడి బోర్డుకీ పెట్టాను. పెట్టే ఉంటాను.

జూన్ 18, మంగళవారం

పెట్టే ఉంటాను.

జూన్ 20, గురువారం

వాన. మధ్యాహ్నమే చీకటి పడ్డట్టుంది. క్లాసు తెరిచి లోపలికి వెళ్ళాను. పరీక్ష బోర్డులు ఇంకా గోడకే ఉన్నాయి. మేనల్లుడిది మొదటిది. దాని ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఎంత అందంగా ఉంది. ప్రతి తీగా మడత దగ్గర ఒకేలా వంగింది. చూడగానే మార్కు వేయాలనిపిస్తుంది. వేశాను కూడా. ఆ రోజు వాడు బల్బు వెలిగించి, ఆపి, నా మొహం వంక చూశాడు. నేను నవ్వాను. ఆ తర్వాత ఏం చేశానో గుర్తుకు తెచ్చుకోబోతే ఆ నవ్వు దగ్గరే ఆగిపోతోంది.

బల్బు ఊడదీసి టెస్టరు పెడితే అయిపోతుంది. టెస్టరు ఇంట్లో ఉంది.

కళ్ళు మూసుకుంటే రెప్పల లోపల ఆ మసక వెలుగు. ఇంటికి వస్తుంటే వానకు మూసుకున్న ప్రతి కిటికీ వెనకా అదే ఉన్నట్టు. తూకంలో తేలిపోయిన రాజుకు గోడ మీద తీర్పు రాసే వేళ్ళు కనిపించాయి. నాకు వేళ్ళు కనిపించలేదు. అంతవరకు నయమే.

అన్నం దగ్గర మేనల్లుడు ఆసుపత్రి ఉద్యోగం గురించే మాట్లాడాడు. పిల్లల వార్డులో ప్రతి మంచం పక్కనా ఒక లైటు ఉంటుందట. అవన్నీ చూసుకోవాలట.

జూన్ 23, ఆదివారం

ఇది రాయాలి.

మందిరం నిండిపోయింది. బయట కూడా నిలబడ్డారు. కిటికీలు మూసి స్విచ్ ఆపారు, బల్బు మసకగా నిలిచింది, నేను మాట్లాడుతున్నాను. ముందు వరసలో ఒకడు భుజాల మీద కూతుర్ని ఎక్కించుకుని ఉన్నాడు. జబ్బు పిల్ల, నాలుగైదేళ్ళుంటాయి. పిల్ల నుదుటి మీద తడిగుడ్డ, వేళ్ళన్నీ తడి. నేను కళ్ళు మూసుకుని ప్రార్థనలోకి వెళ్ళాను. కళ్ళు తెరిచేసరికి వాడు వేదిక మీద ఉన్నాడు. మేనల్లుడే స్టూలు వేసి ఎక్కించాడు. ఆ బల్బును ఒక్కసారి పాప తలకు తాకించి మళ్ళీ పెట్టేస్తానని ఆ తండ్రి అడిగాడట. స్విచ్ ఆపే ఉంది కదా, ఏం కాదని మేనల్లుడు చెప్పాడట.

ఆ తండ్రి బల్బు ఊడదీశాడు. మందిరం అంతా నల్లబడింది. తలుపు సందులోంచి వస్తున్న వెలుతురులో, తండ్రి భుజాల మీది పిల్ల, ఇందాకటిదాకా వెలుగు ఉన్న చోటేమిటో చూద్దామని ఖాళీ హోల్డరులోకి వేలు చాపింది.

"మెయిన్ తియ్యండి," అని అరిచాను. "మెయిన్. మెయిన్ తియ్యండి."

నా భార్య అప్పటికే మెయిన్ స్విచ్ దగ్గర నిలబడి ఉంది. ఆమె అక్కడ ఎందుకుందో, ప్రతి ఆదివారం అక్కడే ఎందుకు నిలబడుతోందో, ఇప్పుడు తెలిసింది. ఫ్యాన్లు ఆగిపోయాయి. మైకు చచ్చిపోయింది. పిల్ల వేలు హోల్డరులో ఉంది. పిల్లకు ఏమీ కాలేదు. నా కేకకు ఏడుపు అందుకుంది.

మందిరంలో పది మందైనా కరెంటు పని తెలిసినవాళ్ళు ఉన్నారు. ఆ మాట ఎందుకు అరుస్తారో వాళ్ళకు చెప్పనక్కర్లేదు. చీకట్లో ఒకరి తర్వాత ఒకరు లేచి, బయట చెప్పులు వెతుక్కోవడం వినిపించింది.

అందరూ పోయాక మేనల్లుడు వచ్చాడు.

"ఎందుకు మామయ్యా? స్విచ్ ఆపే ఉందిగా."

"హోల్డరులో కరెంటు ఉందిరా. నువ్వు న్యూట్రల్ మీద వేశావు, అందుకే బల్బు ఆరకుండా మసకగా ఉంది."

"మీకెప్పుడు తెలిసింది?"

మొదటి రోజే అని నోటితో అనలేకపోయాను. వాడు నా మొహంలో చదువుకున్నాడు.

వాడికి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. స్టూలు మీద కూర్చుని తన చేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు, ఎవరివో అన్నట్టు.

"తొంభై ఒకటి వేశారు కదా మామయ్యా," అన్నాడు. "పని వచ్చనుకున్నాను."

జూన్ 24, సోమవారం

ప్రిన్సిపాల్ గారి దగ్గరికి నేనే వెళ్ళాను. దేవుడి మాట ఎత్తకుండా చెప్పాను, అది కష్టమైంది. ఒకరికి ఒక తూకపు రాయి, ఇంకొకరికి ఇంకో రాయి సంచిలో పెట్టుకుని తూచానని చెప్పాను. ఆవిడకు అర్థమైందో లేదో. నన్ను తీసేస్తారనుకున్నాను.

"పరీక్ష మీరే పెట్టండి," అన్నారు. "ఈసారి నేను కూడా నిలబడి చూస్తాను."

జూన్ 26, బుధవారం

మొదటి గంటకు ముందే మేనల్లుడి పాత బోర్డుతో మొదలుపెట్టాను. క్లాసు ముందర స్విచ్ ఆపి, బల్బు ఊడదీసి, టెస్టరు పెట్టాను. ఎర్రగా వెలిగింది. ఫిబ్రవరిలో అన్న మాటే మళ్ళీ అనాలి కదా, న్యాయం అంటే అదే కదా. బోర్డు ఎత్తబోయి దించేశాను. వాడే లేచి, "సున్నం కొట్టిన సమాధి," అని నా బదులు అనేసి కూర్చున్నాడు. ఎవరూ నవ్వలేదు.

మొదటి గంట మోగింది. తలుపు దగ్గరికి వెళ్ళాను, ఎప్పటిలా వెయ్యలేదు. అక్కడే నిలబడ్డాను. రెండో గంట మోగుతుండగా ఆమె చేతులు విదుల్చుకుంటూ వచ్చింది.

"తలుపు మూయలేదే మాస్టారూ."

"ఇది ఓడ కాదమ్మా. క్లాసు."

అందరూ కొత్తగా బిగించారు. అందరి హోల్డర్లలోనూ టెస్టరు పెట్టాను, ఒక్కరి మొహం కూడా చూడకుండా. నేను ఎనభైలు వేసినవాళ్ళు కొందరు తప్పారు. మేనల్లుడు తప్పాడు, ఈసారి తీగలు భయంతో బిగించాడు. ఆమె క్లిప్పులు ఎప్పటిలాగే తాగుబోతుల వరస. హోల్డరులో టెస్టరు పెట్టాను. చీకటి. ఇంకోసారి పెట్టాను, ఆ చీకటి చూడ్డం కోసం. ఇంత మంచి చీకటి ఎక్కడా చూడలేదు.

ఆసుపత్రికి ఆమె పేరు వెళ్ళింది. అసలు పేరు. ప్రిన్సిపాల్ గారు అడిగితే అక్షరాలు చెప్పాల్సి వచ్చింది. నాకు ముందు నుంచీ వచ్చు.

తప్పినవాళ్ళకు పని ఎప్పుడు వస్తే అప్పుడే పరీక్ష. పాత అంకె చెరిగిపోతుంది. నేనే చెప్పాను. చెబుతుంటే పళ్ళు నొప్పి పుట్టాయి.

జూన్ 29, శనివారం

మందిరంలో మేనల్లుడు మళ్ళీ వైరింగ్ విప్పాడు. నేను చేసేస్తానని లేచాను. నా భార్య నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. వాణ్ణి చేయనివ్వండి, ఇన్నాళ్ళు వాడి పని మీరు చేసింది చాలు అంది. మోకాళ్ళ మధ్య చేతులు బిగించుకుని కూర్చున్నాను. మొదటిసారి మళ్ళీ తప్పే. టెస్టరు వాడే పెట్టుకున్నాడు, ఎర్రగా వెలిగింది, వాడే విప్పాడు. నా మొహం వంక ఒక్కసారీ చూడలేదు. అది నొప్పిగానూ ఉంది, బాగానూ ఉంది.

దీపాలు పెట్టే వేళకు స్విచ్ ఆపాడు.

ఆరింది. పూర్తిగా ఆరింది.

నా భార్య స్టూలెక్కి తడిగుడ్డతో తుడిచింది.

జూన్ 30, ఆదివారం

ఏడుగురు వచ్చారు. అందులో ముగ్గురు మేమే. ఏం మాట్లాడానో పెద్దగా గుర్తు లేదు, అగ్ని మాత్రం లేదు. కిటికీలు తెరిచే ఉంచాను.

మునిమాపు వేళ ఒక్కణ్ణే ఇంటికి నడుస్తున్నాను. వీధి మొదట్లో మూడంతస్తుల ఇల్లు. ఇంట్లో దీపాలు ఇంకా వేసుకోలేదు. మెట్ల దగ్గరి కిటికీ అద్దం వెనక, చీకట్లో, ఒక బల్బు ఆరకుండా మసకగా ఉంది. మెట్ల లైటు. చూసుకుంటూ ఎన్నిసార్లు ఆ ఇంటి ముందు నుంచి వెళ్ళానో. నా పాత శిష్యుడు చేసిన ఇల్లు. క్లిప్పులు అద్భుతంగా కొట్టేవాడు. ఎనభై ఎనిమిది వేశాను.

ఆ బల్బు వంక చూస్తూ నిలబడితే వీధి పొడుగునా ఇంకా ఎన్ని ఇళ్ళున్నాయో, ఎన్ని మెట్లున్నాయో, ఎంతమంది మొహాలు చూసి నవ్వానో అన్నీ ఒక్కసారి చుట్టుముట్టాయి. మెట్ల మీద ఎవరో పిల్లలు ఆడుకుంటున్న చప్పుడు.

గ్రంథం మందిరంలోనే మరిచిపోయి వచ్చాను. టెస్టరు జేబులో ఉంది.

తలుపు తట్టాను.